శివారు రత్తమ్మ కేక

రత్తమ్మకున్న పొలం ఎకరానికి కొంచెం పైన. గొంతు మాత్రం ఊరందరికీ పంచినా ఇంకా మిగిలేటంత. ఆ గొంతు ఉండబట్టే ఈ పొలం ఇన్నాళ్ళూ పండింది. ఇది రత్తమ్మ గొప్పకు చెప్పుకునే మాట కాదు. తాడిమడలో ఎవరిని అడిగినా ఇదే చెబుతారు, అడగకపోయినా చెబుతారు.

తాడిమడ విజయవాడ నుంచి బందరు వెళ్ళే దారిలో, ఉయ్యూరు దాటాక, రోడ్డు దిగి లోపలికి వెళ్తే వస్తుంది. ఊరి పక్కన కాలువ, కాలువకొక తూము, ఆ తూము నుంచి పొలాల మధ్యగా ఒక బోదె. బోదె అంటే చేలకు నీళ్ళు తీసుకెళ్ళే మట్టి పిల్లకాలువ. తాతల నాడు తవ్వారు. తవ్వినవాళ్ళు తిన్నగా తవ్వుదామనే మొదలుపెట్టి ఉంటారు. దారిలో ఒకరికి మొహమాటపడి ఇటు, ఇంకొకరికి భయపడి అటు తిప్పుకుంటూ పోయి, చివరికి ఎక్కడా నాలుగు బారలు తిన్నగా లేకుండా చేశారు. తూము దగ్గర నిండుగా బయల్దేరిన నీళ్ళు ప్రతి చేను దగ్గరా ఆగి, గట్టుకు కొట్టిన గండిలోంచి లోపలికి పోయి చూసి, శివారుకు వచ్చేసరికి తడి మాత్రం మిగిలేది. ఆ శివారులో ఉంది రత్తమ్మ పొలం.

రత్తమ్మ భర్త రామకోటేశ్వరరావు. పేరు పొడుగు, మాట పొట్టి. ఆవిడ కాపురానికి వచ్చిన ఏడు నారుమడి బీటలిస్తుంటే, తూము పక్కన మొదటి చేను జానకిరామ్‌ది కాబట్టి ఆయనతో నీళ్ళ సంగతి మాట్లాడి వస్తానని బయల్దేరాడు. కాఫీ తాగి వచ్చాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళి మజ్జిగ తాగి వచ్చాడు. ఏమన్నారని రత్తమ్మ అడిగితే, "మజ్జిగలో అల్లం వేశారు," అన్నాడు. ఆ మరుసటి రోజు రత్తమ్మే వెళ్ళింది. పసుపుతాడు ఇంకా రంగు తగ్గని కొత్తకోడలు, బోదె గట్టు మీద నిలబడి, "జానకిరామన్నయ్యా, నీ చేలో వరి వేశావా, మొసలిని పెంచుతున్నావా?" అని అడిగింది. అడిగింది అని మర్యాదకు అనాలి గానీ, ఆ ప్రశ్న కాలువ అవతలి ఊళ్ళో కూడా విన్నారు. జానకిరామ్ చేతిలో పార ఉంది. ఏం చెయ్యాలో తోచక ఆ పారతోనే గండి పూడ్చేశాడు.

అప్పటి నుంచి ఆ ఇంట్లో పనులు పంచుకున్నారు. దుక్కి, దమ్ము, ఊడ్పు, కోత ఆయనవి. నీళ్ళు ఆవిడవి.

కాలువకు నీళ్ళున్నన్నాళ్ళూ రత్తమ్మ మధ్యాహ్నం అన్నం తిని, కొంగు నడుముకు దోపి, గట్టెక్కి తూము దాకా నడిచేది. అక్కణ్ణుంచి కిందికి వస్తూ ఒక్కో గండి దగ్గరా ఆగి, ఆ చేనుగలవాళ్ళను పేరు పెట్టి పిలిచి, వాళ్ళకు తగిన నాలుగు మాటలు అనేది. ఎవరి తిట్లు వాళ్ళవే. ఒకరివి ఇంకొకరికి వాడేది కాదు, అందులో ఆవిడకు పట్టింపు ఉంది. జానకిరామ్‌కు మొసలి ఖాయమైపోయింది. ఏటికేడు ఆ మొసలి పెరిగింది, పిల్లల్ని పెట్టింది, ఆ పిల్లలకు పెళ్ళి సంబంధాలు కూడా వచ్చాయి. ఆయన పక్క చేను రావమ్మది. "రావమ్మా, నీ చేలోకి ఈతరాని వాళ్ళను దించమాకు, ప్రాణాలు పోతాయి," అనేది ఆవిడకు. తిట్టు పూర్తయ్యేసరికి గండి పూడేది. నీళ్ళు ఒక చేను దాటేవి, వాటితోపాటు రత్తమ్మ కూడా దాటేది. అలా నీళ్ళూ ఆవిడా పక్కపక్కనే నడుచుకుంటూ శివారు చేరేవాళ్ళు.

ఇలా ముప్పై ఏళ్ళ పైచిలుకు గడిచింది. రత్తమ్మ దీన్ని యుద్ధం అనుకునేది. రోజూ గెలుస్తున్నాననుకునేది. గెలిచేవాళ్ళకు ఉండే ఆరోగ్యం ఆవిడకు ఉండేది.

బోదె ఆరోగ్యం మాత్రం చెడింది. ఎండ్రకాయలు గట్టు నిండా బొరియలు పెట్టాయి. గుర్రపుడెక్క అడుగడుగునా అల్లుకుంది. పూడిక తియ్యడానికి ఇంటికో మనిషి రావాలన్నది పాత కట్టుబాటు. ఇంటికో మనిషి వచ్చేవాడు, ఫలానా ఇంటి మనిషి ఇంకా రాలేదని తెలుసుకునేవాడు, వెళ్ళిపోయేవాడు. ఆ ఫలానా ఇంటి మనిషి తర్వాత వచ్చి, ఎవరూ లేరని చూసి, తనూ వెళ్ళిపోయేవాడు. నీళ్ళు తూము దాటటానికే ఆయాసపడే రోజులు వచ్చాయి. శివారులో రత్తమ్మ చుట్టుపక్కల వాళ్ళు చాలామంది విసిగిపోయి, ఒక్కొక్కరే పొలాల్ని చేపల చెరువులకు లీజుకు ఇచ్చేశారు.

అలా ఇచ్చినవాళ్ళలో ఆఖరివాడు రత్తమ్మ మరిది కాశీరావు. చెరువు అంటూ తవ్వాక ఆ నేల మళ్ళీ చేను కాదు. కాశీరావుకు ఆ బెంగ లేదు. ఆయన బెంగల్లా ఒకటే. లీజుకు తీసుకున్న కైకలూరు ఆసామి చెరువు నలుచదరంగా ఉండాలన్నాడు. వదిన పొలం కలిస్తే గానీ నలుచదరం రాదు.

"నీ చెక్క కూడా కలిపితే నాలుగు మూలలూ కుదురుతాయి వదినా," అనేవాడు కనిపించినప్పుడల్లా. "ఇప్పుడు మూడే ఉన్నాయి."

"చేపలు మూలలు లెక్కపెట్టుకుంటాయా?" అనేది రత్తమ్మ.

పైపులైను మాట వచ్చింది ఆ రోజుల్లోనే. నీటిపారుదల ఆఫీసులో కొత్తగా చేరిన హేమసుందర్ అనే కుర్ర ఇంజనీరు, విజయవాడ పటమట నుంచి మోటారు సైకిలు మీద వచ్చి, బోదె పొడుగునా నడిచి, బురద ప్యాంటుతోనే పంచాయతీ ఆఫీసులో మీటింగు పెట్టాడు. బోదె పూడ్చేసి, దాని బదులు భూమిలో లావుపాటి పైపు వేస్తారు. ప్రతి చేను దగ్గరా ఒక సిమెంటు వర, ఆ వరలో ఆ చేనుకొక వాల్వు. పైపు అందరిదీ. నీళ్ళు ఇంకిపోవు, దారిలో కారిపోవు.

"తూము దగ్గర చేనుకెంతో శివారు చేనుకీ అంతేనండీ," అన్నాడు హేమసుందర్.

ఆ మాటకు రత్తమ్మ అందరికంటే ముందు చెయ్యెత్తింది. మీటింగు అయ్యేదాకా దించలేదు.

హేమసుందర్ పటం మీద తూము నుంచి శివారుకు తిన్నగా గీత గీశాడు. ఆ గీత మొదటగా జానకిరామ్ చేను మధ్యలోంచి పోయింది. పైపు మంచిదే గానీ తన చేలోంచి ఎందుకు పోవాలని ఆయన అడిగాడు. తన చేలోంచి మాత్రం ఎందుకని రావమ్మ అడిగింది. చివరికి, బోదె ఎటు పోతే పైపూ అటే పోవాలని ఊరంతా ఒక్కమాట మీద నిలబడింది. ఊరంతా ఒక్కమాట మీద నిలబడటం అదే మొదలు కాబట్టి హేమసుందర్ కూడా కాదనలేకపోయాడు. బోదె తిరిగిన ప్రతి వంకరా పైపు కూడా తిరిగింది. ఒకచోట బోదె ఒక తాటిచెట్టును చుట్టి వెళ్ళేది. ఆ చెట్టు ఎప్పటి తుపానులోనో పడిపోయింది. పైపు అక్కడ కూడా చుట్టి వెళ్ళింది. ఇక్కడెందుకు వంకర అని హేమసుందర్ అడిగితే, "ఇక్కడ తాటిచెట్టు ఉండేదండీ," అని చెప్పారు. అతను తల ఊపి రాసుకున్నాడు.

బోదె పూడ్చిన వెంటనే రెండు వైపుల రైతులూ చెరికాస్త ముందుకు జరిగి, మధ్యలో కలుసుకున్నారు. బోదె గట్టు పోయింది. ఇక్కడొక బోదె ఉండేదని చెప్పడానికి వరసగా సిమెంటు వరలు మిగిలాయి, ఒక్కోదాని మీద ఒక్కో ఇనపమూత.

కాలువకు నీళ్ళు వదిలిన రోజున తూము దగ్గర షామియానా వేసి, కొబ్బరికాయ కొట్టారు. హేమసుందర్ మైకు పట్టుకుని, తూము పక్కన బోర్డు మీద ఎవరి వేళలు వాళ్ళకు రాయించామని, మధ్యాహ్నం నుంచి శివారు వంతు అని, ఇక మీదట నీళ్ళ కోసం ఎవరూ ఎవరితోనూ గొడవ పడక్కర్లేదని చెప్పాడు. తర్వాత జానకిరామ్ మైకు తీసుకున్నాడు. పైపు కమిటీకి ఆయనే పెద్ద.

"ఇన్నాళ్ళకి మా రత్తమ్మ నోటికి రెస్టు దొరికింది," అన్నాడు.

అందరూ నవ్వారు. చప్పట్లు కూడా కొట్టారు. రత్తమ్మ కూడా నవ్వింది, పెట్టిన పులిహోర తింది. ఇంటికి వచ్చే దారిలో నవ్వు ఆగిపోయింది. తన నోరు ఇంతమందికి ఇన్నేళ్ళు బరువుగా ఉందన్నమాట. ఆ చప్పట్లు పైపుకు కావు, తను ఊరుకోబోతున్నందుకు. ఆవిడకు చాలా కష్టం కలిగింది, ఆ కష్టం చెప్పుకోవడం నామోషీ అనిపించింది.

"ఇంక నేను పెద్దరికంగా ఉంటా," అంది భర్తతో. "నా గొంతు గడప దాటితే అడుగు."

"ఊఁ," అన్నాడు రామకోటేశ్వరరావు. ఆయనకు అడిగే అలవాటు లేదు.

ఆ ఏడు వాన ముఖం చాటేసింది. పడ్డ ఒక్క జల్లుకే నారు పోశారు, మొలక బాగానే వచ్చింది. రెండో తడి పైపుదే. మధ్యాహ్నం రత్తమ్మ బోర్డులో చెప్పిన వేళకే వెళ్ళి తన వర మూత తీసి, వాల్వు తిప్పి కూర్చుంది. పైపు కాసేపు ఉస్సుమని గాలి వదిలింది. తర్వాత గ్లాసెడు నీళ్ళు వదిలింది. తర్వాత ఏదీ వదల్లేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు గాలి కూడా తగ్గింది.

బోదె ఉన్నప్పుడు నీళ్ళు కళ్ళముందే పోయేవి, ఎవరి గండిలోకి దిగితే వాళ్ళ మీద అరిచేది. ఇప్పుడు నీళ్ళు భూమిలో ఉన్నాయి. రత్తమ్మ ఏదో పని ఉన్నట్టు చేలకడ్డం పడి ఒకసారి పై దాకా నడిచి చూసింది. అన్ని వరలకూ మూతలున్నాయి. ఇంకొకరి వర మూత ఎత్తి చూడటం ఇంకొకరి వంటింట్లో గిన్నె మూత ఎత్తి చూడటమే, పెద్దరికంగా ఉందామనుకున్న మనిషి అది చెయ్యలేదు. తిట్టాలంటే దొంగ కనపడాలి. ఎవరినీ ఒక్క మాట అడగకుండా తిరిగి వచ్చింది.

హేమసుందర్‌కు ఫోను చేస్తే, "వంకర్ల వల్ల కొంత తగ్గుతుందమ్మా, పూర్తిగా ఆగిపోదు. పైవాళ్ళు మీ టైముకి వాల్వులు కడుతున్నారా?" అని అడిగాడు. కట్టే ఉంటారంది రత్తమ్మ. ఎవరి మీదా చాడీ చెప్పిన మాట తనకు రాకూడదు.

అవతల కాశీరావు పొలంలోకి తవ్వే మిషను దిగింది. పసుపుపచ్చని పొక్లెయిన్, పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా మట్టి ఎత్తి పోస్తోంది. ఒకరోజు కాశీరావు గట్టు మీదుగా వచ్చి నారుమడి వైపు చూశాడు. నారు కొసలు తుప్పురంగు తిరిగాయి.

"ఆదివారం దాకా అవతలి పక్క తవ్విస్తా వదినా," అన్నాడు. ఆయన గొంతులో ఎగతాళి లేదు, అందుకే రత్తమ్మకు ఎక్కువ గుచ్చుకుంది. "ఆదివారం నీ పక్కకు రావాలి. కలుపుతావో లేదో చెప్పు. మిషను మళ్ళీ రాదు."

"ఆదివారం పొద్దుగూకే లోపల నారుమడికి తడి అందకపోతే, నేనే గట్టు తెగ్గొట్టమంటా," అంది రత్తమ్మ. "మాట తప్పను."

మాటయితే ఇచ్చింది గానీ ఆ మధ్యాహ్నం నారుమడి పక్కన కూర్చుంటే ఆవిడకు భయం వేసింది. అత్తగారు పోయినప్పుడు లేదు, తుపానులో ఇంటి పైకప్పు లేచినప్పుడు లేదు, ఇప్పుడు వేసింది. ఆ చెక్కలో చెరువు తవ్వితే రేపటినుంచి తను పొద్దున లేచి ఎక్కడికి వెళ్ళాలో ఆవిడకు తెలీలేదు.

"నేను పోయి జానకిరామ్ బావతో మాట్లాడి రానా?" అన్నాడు రామకోటేశ్వరరావు.

"కాఫీ మనింట్లోనూ ఉంది," అంది రత్తమ్మ.

శనివారం పొద్దున్న ఆవిడే వెళ్ళింది. ఇస్త్రీ చీర కట్టుకుంది. జానకిరామ్ వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. గేటు దగ్గర రత్తమ్మను చూసి, అలవాటు కొద్దీ పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని తిట్టు కోసం కాచుకున్నాడు. తిట్టు రాలేదు. కాసేపు చూసి పేపరు దించాడు.

"బాగున్నారా అన్నయ్యా?" అంది రత్తమ్మ.

జానకిరామ్ కుర్చీలోంచి లేచాడు.

"ఏం లేదండీ. మధ్యాహ్నం పూట మీకు వీలయితే, మా నారుమడికి కాసిని నీళ్ళు..." అంది. అడగడం ఆవిడకు చేతకాదు, ఎప్పుడూ అడగలేదు. వాక్యం చివరికి ఎలా వెళ్ళాలో తెలీక అక్కడే ఆపేసింది.

"అట్టాగేనమ్మా, అట్టాగే," అన్నాడు జానకిరామ్. రత్తమ్మ దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. ఆయన చొక్కా వేసుకుని, కర్ర తీసుకుని ఊళ్ళోకి బయల్దేరాడు. "రత్తమ్మ నన్ను మీరు అంది. దణ్ణం కూడా పెట్టింది," అని ఇంటింటికీ చెప్పాడు. విన్నవాళ్ళు చేస్తున్న పనులు ఆపేశారు. ఆ కంగారులో మధ్యాహ్నం ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలీలేదు. జానకిరామ్ సొంత వాల్వు కూడా బార్లా తెరిచే ఉంది.

దీపాలు పెట్టే వేళకు బోదె మీద ఒకప్పుడు గండ్లున్న వాళ్ళందరూ రత్తమ్మ ఇంటికి వచ్చారు. రావమ్మ బ్రెడ్డు పొట్లం తెచ్చింది. ఇంకెవరో హార్లిక్స్ సీసా తెచ్చారు. అరుగు మీద చింతచిగురు దూస్తూ కూర్చున్న రత్తమ్మ చుట్టూ నిలబడి ఆవిడ మొహం పరీక్షగా చూశారు.

"డాక్టరేమన్నాడు?" అంది రావమ్మ.

"ఏ డాక్టరు?"

"ఇంకా చూపించుకోలేదంట," అని రావమ్మ వెనక్కి తిరిగి మిగతావాళ్ళకు చెప్పింది.

"నాకేం కాలా," అంది రత్తమ్మ. "నా నారుమడికైంది. అందరూ ఇక్కడే ఉన్నారుగా, అడుగుతున్నా. మధ్యాహ్నం పూట మీ వాల్వులు కడుతున్నారా?"

రావమ్మ బ్రెడ్డు పొట్లం అరుగు మీద పెట్టింది.

"లేదు," అంది రావమ్మ. దాచుకోవాల్సిన సంగతి అని ఆవిడకు తోచనే లేదు.

"ఎందుకు కట్టట్లా?"

జవాబు శౌరమ్మ చెప్పింది. రత్తమ్మ పొలానికి ఆనుకుని పైన ఉన్న చేను వాళ్ళది. భర్త శౌరయ్య కిందటి క్రిస్మస్ ముందర నిద్రలోనే పోయాడు, ఇప్పుడు పెద్దకొడుకు ఎలీషా చేస్తున్నాడు. శౌరమ్మ బత్తాయిల సంచి పట్టుకుని అందరికంటే వెనక నిలబడి ఉంది.

"నువ్వు అరవట్లేదుగా వదినా," అంది.

రత్తమ్మ చేతిలో చింతచిగురు రెమ్మ ఆగిపోయింది.

"నువ్వొచ్చి అరిస్తే కట్టేవాళ్ళం. ఈ ఏడు నువ్వు రాలా. నీకింక నీళ్ళు అక్కర్లేదేమో అనుకున్నాం."

"బోర్డు మీద రాశారుగా, మధ్యాహ్నం నించి శివారుకని."

"తూము పక్కనే చేనున్న నేనే ఆ బోర్డు చదవలా," అన్నాడు జానకిరామ్. "ఇన్నేళ్ళూ నీ కేకకేగా కట్టాం. నువ్వు గట్టెక్కావంటే మధ్యాహ్నం అయినట్టు. నా బీపీ మాత్రలు కూడా అప్పుడే వేసుకునేవాణ్ణి. ఇప్పుడవీ మర్చిపోతున్నా."

రత్తమ్మ రెమ్మ కింద పెట్టింది. "అయితే మీరు నాకు భయపడి కట్టేవాళ్ళు కాదా?"

జానకిరామ్ మర్యాదగల మనిషి. "మొదటిరోజు భయపడ్డాం," అన్నాడు.

రత్తమ్మకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళు గొంతు చించుకుని, పోరాడి, గెలిచి తెచ్చుకున్నాననుకున్న నీళ్ళు. వీళ్ళు తన కేకను బడిగంట విన్నట్టు విని, పార తీసుకుని లేచేవాళ్ళన్నమాట. ఒక్కడూ ఓడిపోలేదు. ఓడిపోయినవాళ్ళు ఇలా బ్రెడ్డు తీసుకుని రారు.

"మరి ఆరోజు మైకులో మాటకి ఎందుకు నవ్వారు?" అంది.

"నవ్వొచ్చింది, నవ్వాం," అన్నాడు జానకిరామ్. "నిన్ను నోరు మూసుకోమన్నామా?"

"అయితే ఇంజనీరుతో చెప్పి సైరను పెట్టించుకోండి. వేళకి మోగుద్ది. మధ్యలో నా గొంతెందుకు?"

"సైరను ఎవరికోసమో మోగుద్ది," అన్నాడు ఆయన. "నువ్వు తిడితే నన్నేనని తెలుస్తది. నన్ను పేరెట్టి పిలిచేవాళ్ళు ఊళ్ళో ఎవరున్నారు రత్తమ్మా? పెద్దవాళ్ళు పోయారు. మిగతావాళ్ళకి తాతయ్యనైపోయా. నువ్వొక్కదానివే మిగిలావు."

రత్తమ్మకు ఏడుపొచ్చింది. నలుగురిలో ఏడుపొచ్చినందుకు కోపం కూడా వచ్చింది. లేచి లోపలికి వెళ్ళి చాలాసేపు మొహం కడుక్కుంది. ఈలోపు రామకోటేశ్వరరావు వచ్చినవాళ్ళందరికీ కాఫీ ఇచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ అన్నం తిని కొంగు దోపింది. పొక్లెయిన్ అప్పటికే ఇవతలి పక్కకు వచ్చి, రత్తమ్మ పొలం గట్టు పక్కన ఆగి ఉంది. ఇంజను నడుస్తోంది. కాశీరావు దాని నీడలో గొడుగేసుకుని నిలబడ్డాడు. రత్తమ్మ ఆయన్ని దాటి, వరల వెంబడి తూము దాకా నడిచింది. జానకిరామ్ వాల్వు తిప్పే పిడి చేత్తో పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

ఆవిడ నోరు తెరిచింది. కోపం లేకుండా అరవడం ఎలాగో తెలీలేదు. వచ్చిన కేక జీరగా, సన్నగా వచ్చింది.

"వినపళ్ళా," అన్నాడు జానకిరామ్, రెండు బారల దూరం నుంచి.

ఆ మాటకు కావలసినంత కోపం వచ్చింది. "జానకిరామన్నయ్యో! నీ మొసలిని బోదెలోంచి తీసి పైపులో పెట్టావా? తోక మా ఇంటిదాకా రాలేదేం? కట్టు, నీ దుంపతెగ!"

ఆయన తృప్తిగా వాల్వు కట్టి, జేబులోంచి మాత్ర తీసి వేసుకున్నాడు.

అక్కణ్ణుంచి గొంతు దారిలో పడింది. రావమ్మను అంది, ఆ తర్వాతివాళ్ళను అంది. తాటిచెట్టు లేని వంకర దగ్గర చుట్టూ తిరగాలా, అడ్డంగా పోవాలా అని ఒక క్షణం ఆగి, చుట్టూ తిరిగే వెళ్ళింది. ఒక్కో వర దగ్గరా వాల్వు కిర్రుమని బిగుసుకుంటోంది. నీళ్ళు కనపడవు. అవి కాళ్ళ కింద తనతోపాటు వస్తున్నాయో లేదో తెలీదు. మనుషుల మాట మీద నమ్మకంతో నడవాల్సి రావడం ఆవిడకు కొత్త.

శివారుకు ముందు ఆఖరి వర శౌరమ్మ వాళ్ళది. చర్చి నుంచి తిన్నగా వచ్చినట్టున్నారు. శౌరమ్మ తెల్లచీరతోనే చేను గట్టు మీద కూర్చుని ఉంది. ఎలీషా వాల్వు పిడి మీద చెయ్యేసి నిలబడ్డాడు. ఇక్కడ పిలవాల్సిన పేరు శౌరయ్య. నీళ్ళెక్కువై నీ చేనుకు జలుబు చేసింది, తుమ్ములు మా వంటింట్లోకి వినపడుతున్నాయి అనేది శౌరయ్య తిట్టు. మిగతావాళ్ళలా అతను మాట్లాడకుండా కట్టేవాడు కాదు. పార ఊతం చేసుకుని మొత్తం విని, "ఆ దుంపతెగ కూడా అనెయ్యి అక్కా, కట్టేస్తా," అనేవాడు.

రత్తమ్మ ఆగింది. గొంతు తగ్గించి, "కట్టు నాయనా," అంది ఎలీషాతో.

ఎలీషా తల్లి వైపు చూశాడు.

"పైనుంచి అందర్నీ పేరెట్టి పిలుచుకుంటా వచ్చావు," అంది శౌరమ్మ. "మా ఆయన దగ్గరికొచ్చేసరికి మానేశావేం?"

"లేని మనిషిని ఎట్టా తిట్టను శౌరమ్మా?"

"చేను ఆయనదేగా. మా ఇంట్లో ఆయన పేరు ఎవరూ ఎత్తట్లా వదినా. నేను ఏడుస్తానని పిల్లలెత్తరు. వాళ్ళు ఏడుస్తారని నేనెత్తను. నువ్వన్నా పిలువు."

రత్తమ్మ కొంగు ఒకసారి విప్పి మళ్ళీ దోపుకుంది. "శౌరయ్యో!" అంది. ఆ కేకకు పొక్లెయిన్ డ్రైవరు ఏం జరిగిందోనని ఇంజను ఆపాడు. "నీ చేను తుమ్ములకి మా ఇంట్లో పాలు విరుగుతున్నాయయ్యా! కట్టు!" అని, ఊపిరి తీసుకుని, "కట్టు, నీ దుంపతెగ," అంది.

ఎలీషా కట్టాడు. కట్టి, మొహం అటు తిప్పుకున్నాడు.

కింద నారుమడి దగ్గర పైపు ఒకసారి గాలి వదిలింది, ఒకసారి బురద కక్కింది, తర్వాత మనిషి నడుమంత లావున నీళ్ళు దూకాయి. "వచ్చాయి," అన్నాడు రామకోటేశ్వరరావు. కాశీరావు కాసేపు ఆ నీళ్ళ వంక చూసి, గొడుగు ముడిచి, మిషను వెనక్కి తిప్పమని డ్రైవరుకు చెయ్యి ఊపాడు.

శౌరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచింది.

"రేపూ ఈ వేళకేగా, వదినా?" అంది.